ఓడిన ఆటలే ఉన్న నోట్‌బుక్

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై నాలుగు, బ్యాంకు ఉద్యోగం, భార్య, పన్నెండేళ్ళ కూతురు. చదరంగం చిన్నప్పుడు నాన్న నేర్పారు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచకప్‌ను విశ్వనాథన్ ఆనంద్ గెలిచినప్పుడు ఈయన డిగ్రీలో ఉన్నారు. ఆనాటి పేపర్ కటింగ్ ఇప్పటికీ బీరువాలో ఉందట. ఉద్యోగం, పెళ్ళి వచ్చాక ఆట అటకెక్కింది. లాక్‌డౌన్‌లో పాపకు నేర్పిద్దామని బోర్డు కిందికి దించారు. పాప నేర్చుకుంది, ఈయనకు మళ్ళీ పిచ్చి పట్టుకుంది.

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా టోర్నమెంట్. ఓడి ఇంటికి వస్తే, భోజనం కూడా కాకముందే ఆ ఆటను కంప్యూటర్లో ఇంజిన్‌తో, అంటే ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ప్రోగ్రామ్‌తో చూసి, ఎక్కడ తప్పు చేశారో లాంగ్ నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసుకుంటారు. అలాంటివి మూడు పుస్తకాలయ్యాయి. ఈ మధ్య వాటిని మొదటి నుంచి చదివితే భయం వేసిందట. "గెలిచే చోటుకు వచ్చేసరికి నాకు చేతులు వణుకుతాయి మేడమ్. డ్రా అడుగుతాను, లేదంటే ఏదో పిచ్చి ఎత్తు వేస్తాను. బయట కూడా అంతే. ప్రమోషన్‌కి పేరిచ్చి రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను. ఇల్లు కొందామని అంతా మాట్లాడుకుని, అడ్వాన్స్ ఇచ్చే ముందు రోజు వద్దన్నాను. నా ఆట చూస్తే నా జాతకం చూసినట్టుంది."

దసరా సెలవుల్లో జరిగిన ఒక ఆట గురించి రెండు పేజీలు రాశారు. ఎదుటివాడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. కుర్చీలో కూర్చుంటే బోర్డు అందక, మోకాళ్ళ మీద నిలబడి ఆడాడు. ముప్పై ఎనిమిదో ఎత్తుకు ఈయనకు ఒక బంటు ఎక్కువ, ఇద్దరికీ చెరొక ఏనుగు. ఆ స్థితిలో డ్రా అడిగారు. పిల్లాడు తలెత్తకుండానే "నో అంకుల్" అన్నాడు. ఇరవై ఎత్తుల తర్వాత పిల్లాడే గెలిచాడు. షేక్‌హ్యాండ్ ఇస్తూ, "రూక్‌ని పాన్ వెనకాల పెట్టుంటే నాకేం లేదంకుల్" అన్నాడట, అంటే ఏనుగును బంటు వెనక పెట్టి ఉంటే అని. ఈయన ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టేసి పార్కింగ్‌లోకి వెళ్ళి, స్కూటర్ మీద అరగంట కూర్చున్నారు.

ఇంకో బాధ కూడా ఉంది. పాప కూడా టోర్నమెంట్లు ఆడేది. నిరుడు ఒక ఆట ఓడిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కినప్పటి నుంచి ఈయన ఆ ఆట తప్పులు ఒక్కొక్కటే చెబుతూ వచ్చారు. అమీర్‌పేటలో జనం దిగి సీటు ఖాళీ అయినా పాప కూర్చోలేదు. ఇంటికెళ్ళి బోర్డు మంచం కిందికి తోసేసింది. మళ్ళీ ముట్టలేదు. భార్య అనే మాట ఒకటి ఉత్తరంలో ఉంది: "మీరు గెలిచొస్తే ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓడొస్తే వీధి చివర్నుంచే తెలుస్తుంది."

ఆయన అడుగుతున్నది ఇది: "ఆట మానెయ్యాలా, కోచ్‌ని పెట్టుకోవాలా, అసలు నా స్వభావమే మార్చుకోవాలా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. మీరు చెప్పిన ఆటలు పదకొండు, పదకొండూ ఓడినవే. అయిదేళ్ళుగా ఆడుతూ, మీరే చెప్పినట్టు 1498 రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) దగ్గర నిలబడిన మనిషి ఒక్క ఆటా గెలవకుండా ఉండడు. ఆ గెలిచిన ఆటలు ఏమయ్యాయి? నోట్‌బుక్‌లో లేవు, ఉత్తరంలోనూ లేవు. మీ ఆవిడ అన్నది కూడా ఇదే కదా.

గెలిచే చోట చేతులు వణుకుతాయని తేల్చింది ఈ మూడు పుస్తకాలు చదివే. ఓడిన ఆటలే ఉన్న పుస్తకంలో వెతికితే చేజారిన ఆటలు కాక ఇంకేం దొరుకుతాయి? గెలిచే చోటుకు వచ్చి నిమ్మళంగా గెలిచేసిన ఆట అందులోకి ఎక్కనే ఎక్కదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీలో ఓ పూట కూర్చుంటే హైదరాబాద్ మొత్తానికి జ్వరమొచ్చిందనే అనిపిస్తుంది. గెలిచిన ఆటల స్కోర్‌షీట్లు పారేసి ఉండరు, ఏ కవర్లోనో ఉంటాయి. అవి కూడా తీసి చూసేదాకా మీ జాతకం సంగతి నేను ఒప్పుకోను.

ఇక పిల్లాడితో ఆడిన ఆట. నాకు ఆట ఓ మోస్తరుగానే వచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ మంత్రి, ఏనుగు, శకటు అంటూనే ఆడతాం. అందుకని మీరు పంపిన స్కోర్‌షీట్ జిరాక్స్‌ను, మీ వివరాలేమీ చెప్పకుండా, పిల్లలకు ఆట నేర్పే ఒకాయనకు చూపించాను. డ్రా అడిగిన చోట ఏమంటారో అని నేను ఎదురు చూస్తుంటే ఆయన అంతదాకా వెళ్ళనే లేదు. ప్రతి ఎత్తు పక్కనా మీరు చిన్న అంకెల్లో రాసుకున్న టైములు చూశారు. తొంభై నిమిషాల ఆట, ఎత్తుకు ముప్పై సెకన్లు అదనం. పదమూడో ఎత్తు అయ్యాక మీ గడియారంలో 81 నిమిషాలున్నాయి. పద్నాలుగో ఎత్తు అయ్యాక 50. ఒక్క ఎత్తుకు ముప్పై ఒక్క నిమిషాలు!

ఇంతకీ అక్కడ తేల్చుకోవాల్సింది ఏమిటంటే, రెండు ఏనుగుల్లో దేన్ని బోర్డు మధ్యనున్న డి నిలువు వరుసలోకి తేవాలనేది. ఆయన నవ్వి, "ఇది ఆడేవాళ్ళందరికీ ఉన్న జబ్బే. ఏది తెచ్చినా, రెండోది తేవాల్సిందేమో అనిపిస్తుంది" అన్నారు. తర్వాత ఇంజిన్ పెట్టి చూశాం. రెండింటికీ తేడా బంటులో పదో వంతు కూడా లేదు. ఆ తేడా లేని చోట మీరు అరగంట ఖర్చు పెట్టారు. ముప్పై ఎనిమిదో ఎత్తుకు వచ్చేసరికి మీకు మిగిలింది నాలుగు నిమిషాలు. ఏనుగులతో ముగిసే ఆటలు ఎంత మెలికగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు నిమిషాలతో అక్కడ కూర్చుంటే ఎవరి చెయ్యైనా వణుకుతుంది. మీరు డ్రా అడిగింది గెలుపంటే భయపడి అని మీ నోట్‌బుక్ అంటోంది. స్కోర్‌షీట్ చూస్తే టైము లేక అడిగినట్టుంది. ఆ ఆట వరకు నేను స్కోర్‌షీట్‌నే నమ్ముతాను.

ఇది చదివి మీరేం చేస్తారో కూడా ఊహించగలను. "అయితే నేను నిర్ణయాలు తీసుకోలేనివాణ్ణన్న మాట" అని ఎర్ర ఇంకుతో ఇంకో వాక్యం రాస్తారు. రాయకండి. మీ ఉత్తరం నాలుగో పేజీ చివర్లో ఒక మాట రాసి మీరే మరిచిపోయారు: ఆ ఇంటి కాగితాల్లో ఒక లింక్ డాక్యుమెంట్ దొరకలేదట, అమ్మేవాళ్ళు తర్వాత ఇస్తామన్నారట. లింక్ డాక్యుమెంట్ లేని ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకపోవడం పిరికితనం ఎలా అవుతుంది? చదరంగంలో మీకు కనిపించేదే ఎదుటివాడికీ కనిపిస్తుంది, పావులన్నీ బోర్డు మీదే ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు సగం పావులు అమ్మేవాడి బీరువాలో ఉంటాయి. రెండింటినీ ఒకే కొలతతో కొలవకండి.

ప్రమోషన్ సంగతి వేరు. మొదటిసారి అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారు, ప్రమోషన్ వస్తే బదిలీ ఖాయం. అది అర్థమవుతూనే ఉంది. రెండోసారి ఎందుకు తప్పుకున్నారో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. అది మీరూ మీ ఆవిడా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ మాటల్లోకి చదరంగాన్ని తేకండి. అలాగే మీ నాన్నగారు ఓడించిన ప్రతిసారీ "ఇంకా రాలేదు నీకు" అనేవారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నేనూ వదిలేస్తున్నాను. ఎప్పుడైనా రాయాలనిపిస్తే రాయండి.

రేటింగ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్న వాటిలో అదొకటి. రెండేళ్ళలో 76 పాయింట్లు పోయాయని బాధపడ్డారు. లెక్క 1574 నుంచి మొదలుపెట్టారు. ఆ 1574 ఎలా వచ్చిందో గుర్తుందా? 2024 ఫిబ్రవరి దాకా మీది 1290. ఆ మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే రేటింగుల కింది హద్దును 1000 నుంచి 1400కి పెంచింది. 2000 లోపు ఉన్నవాళ్ళందరికీ, 2000కు ఎంత తక్కువ ఉన్నారో అందులో నలభై శాతం ఒకేసారి కలిపింది. మీకు కలిసినవి 284. తెల్లారేసరికి 1574 అయిన రోజు మీ ఆట ఏమీ పెరగలేదు. అలాంటప్పుడు ఆ అంకె దగ్గర నిలబడి తగ్గానని ఏడవడం ఎందుకు?

పిల్లల చేతిలో ఓడటంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. ఆ పిల్లాడిది 1430 అన్నారు. మీకూ అతనికీ ఉన్న తేడాకు పది ఆటలాడితే మీకు ఆరు పాయింట్లు (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) రావాలి, అంతే. రేటింగ్ రెండువందలు ఎక్కువున్నవాడికి కూడా నాలుగు ఆటలకు మూడు పాయింట్లే లెక్క. అంటే ఓడటం లెక్కలో ఉన్నదే. పైగా రేటింగ్ ఎంత వేగంగా కదలాలో చెప్పే గుణకం మీకు 20, పిల్లలకు 40. ఒకే ఆటకు మీకు పోయింది దాదాపు పన్నెండు, వాడికి వచ్చింది ఇరవై నాలుగు దాకా. వాళ్ళు రోజూ రెండు మూడు గంటలు కూర్చుంటారు, నెలనెలా ఎదుగుతారు. అంకె అంత వేగంగా ఎదగలేదు కాబట్టే రెట్టింపు గుణకం పెట్టారు, అయినా వెనకబడుతుంది. మీరు ఆడింది 1430తో కాదనుకుంటే ఆ రోజు స్కూటర్ మీద పది నిమిషాలు కూర్చుంటే సరిపోయేది.

వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు, నేను 1600 కూడా చూడలేదని రాశారు. ఈ పోలిక ఎందుకో నాకు అర్థం కాలేదు. వీధి చివర మైదానంలో క్రికెట్ ఆడేవాళ్ళెవరూ కోహ్లీతో పోల్చుకుని మంచమెక్కరు. అయినా పోల్చుకునే తీరాలంటే, పెద్దవాళ్ళ తప్పులతో కూడా పోల్చుకోండి. 2006లో బాన్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ఆడుతూ ఒక్క ఎత్తులో ఆటకట్టు అవుతుందని చూసుకోకుండా మంత్రిని కదిపాడు. 2024లో సింగపూర్‌లో గుకేశ్‌తో చివరి ఆటలో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ యాభై అయిదో ఎత్తుకు ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు. ప్రపంచ కిరీటం ఆ ఎత్తుతో పోయింది. డ్రాగా ముగియాల్సిన ఆట అది. వాళ్ళ జాతకాలు ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మానెయ్యడం ఒకటి. మానేస్తే ఆదివారాలు ఇంటికి మిగులుతాయి, ఇంట్లో వాతావరణం కొన్నాళ్ళు తేలికవుతుంది. కానీ మీరు రేపు ఎవరితో ఆటో చెప్పే పెయిరింగ్స్ కోసం రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసే మనిషి. మానేసినా చూస్తారు. ఓటమి కోపంలో మానేసిన ఆట మనిషిని అంత తేలిగ్గా వదలదు. మూడు నోట్‌బుక్‌లూ అలాగే ఉంటాయి, వాటికి జవాబు చెప్పే అవకాశం మాత్రం పోతుంది.

టోర్నమెంట్లు ఓ ఆరు నెలలు పక్కన పెట్టి, ఆట మాత్రం ఆడటం రెండోది. కేపీహెచ్‌బీలో పార్కులో ఒక రిటైర్డ్ మాస్టారితో గడియారం లేకుండా ఆడతానని, ఎవరు గెలిచారో ఇంటికొచ్చేసరికి గుర్తుండదని రాశారు. తొమ్మిది పేజీల్లో మీరు నవ్వుతూ రాసినట్టు అనిపించిన వాక్యాలు అవి రెండే. దీనివల్ల ఆటంటే మళ్ళీ ఇష్టం పుడుతుంది. నష్టమూ ఉంది. మీ అసలు చిక్కు గడియారంతో. గడియారం లేని చోట అది తీరదు, దాక్కుంటుంది. తిరిగి హాల్లోకి వెళ్ళిన రోజు పద్నాలుగో ఎత్తు మళ్ళీ ఎదురవుతుంది.

మూడోది, టోర్నమెంట్లు ఆడుతూనే పద్ధతి మార్చడం. ప్రతి ఆదివారం కాకుండా రెండు నెలలకొకటి. ఆడేటప్పుడు ఒక్కటే నియమం: ఏ ఎత్తుకూ పది నిమిషాలు దాటకూడదు. పది దాటితే, అప్పటికి మనసులో ఉన్న రెండిట్లో ముందు తట్టింది వేసెయ్యాలి. ఒకటి రెండుసార్లు దెబ్బ తింటారు, తినండి. ఇంటికొచ్చాక ఇంజిన్ ఆ రాత్రి తెరవకండి. ముందు, ఏ ఎత్తు దగ్గర ఏం ఆలోచించారో మామూలు నీలం ఇంకుతో రాయండి. మర్నాడు ఇంజిన్. అది ఎక్కడ తప్పో చూపిస్తుంది గానీ మీరు ఆ తప్పు ఎందుకు చేశారో దానికి తెలియదు. గెలిచిన ఆటలనూ ఇలాగే రాయాలి. గెలిచిన ఆటల్లో ఎదుటివాడు పట్టుకోలేకపోయిన మీ తప్పులు బోలెడు ఉంటాయి. కోచ్ కావాలంటే ఈ దారిలో పనికొస్తాడు, అదీ మీ స్కోర్‌షీట్లలో టైములు చూసేవాడైతే. ఓపెనింగులు (ఆట మొదటి ఎత్తులు) బట్టీ పట్టించేవాడు మీకు వద్దు.

ఈ దారిలో ఉన్న రిస్కు దాచను. పద్ధతి మార్చిన కొత్తలో ఆట తడబడుతుంది, రేటింగ్ ఇంకా పడొచ్చు. మీకూ 1400కూ మధ్య ఉన్నది 98. మీ సమానుల మీద పది ఆటలు నికరంగా పోతే ఆ హద్దు దాటి, జాబితాలో రేటింగ్ లేనివాళ్ళలో చేరిపోతారు. అలా జరిగితే తట్టుకోగలరా అని ముందే అడుక్కోండి. తట్టుకోలేనంటే రెండో దారి పట్టండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. నన్నడిగితే మూడోదే మేలంటాను. అయితే ఆ అంకె చూసుకుని రాత్రి నిద్ర పోవాల్సింది నేను కాదు.

రాత్రి ఒంటిగంటకు ఫోన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడుతున్నానని రాశారు చూడండి, అది మాత్రం ఏ దారిలోనూ పనికిరాదు. టైము లేక చేసే తప్పులే మీ చిక్కు అయితే, రోజుకు ఇరవైసార్లు అదే తప్పు సాధన చేస్తున్నారు.

పాప సంగతి. ఆమెను మళ్ళీ ఆటలోకి ఎలా తేవాలని అడిగారు. తేకండి. ఆమె మానేసింది చదరంగాన్నో, మెట్రోలో ఆ నలభై నిమిషాలనో మనకు తెలియదు. మీరు చేయగలిగింది ఆ రోజు గురించి ఒక మాట అనడం. "ఆ రోజు ట్రైన్‌లో నేను అలా మాట్లాడాల్సింది కాదమ్మా" అంటే చాలు. ఆ వెంటనే బోర్డు తీయకండి, తీస్తే ఆ మాట ఎందుకన్నారో పాపకు తెలిసిపోతుంది. అన్నాక ఆమె మౌనంగా ఉండొచ్చు, "పర్లేదు నాన్నా" అని ఫోన్‌లోకి వెళ్ళిపోవచ్చు, ఎప్పటికీ ఆడకపోవచ్చు కూడా. అన్నిటికీ సిద్ధపడే అనండి. కనీసం ఇంట్లో ఎవరు ఓడినా మీరు దాన్ని ఇంజిన్‌లో పెట్టరని తెలుస్తుంది.

ఇంకొక్కటి. ఆ తొమ్మిదేళ్ళవాడు మీకు చెప్పింది నూరు శాతం నిజం. దారి ఖాళీగా ఉన్న బంటు వెనక ఏనుగు ఉండాలన్నది పాత జర్మన్ ఆటగాడు టారాష్ కాలం నుంచి ఉన్న పాఠం. వాడు ఎగతాళి చెయ్యలేదు, ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని మళ్ళీ వేసుకుని చూద్దామన్నట్టు మాట కలిపాడు. మీరు పార్కింగ్‌లోకి వెళ్ళిపోయారు. అదే ఊళ్ళో, అవే టోర్నమెంట్లలో మళ్ళీ ఎదురవుతాడు. అప్పటికి ఇంకో ఇంచు పెరిగి ఉంటాడు కూడా. ఈసారి ఆ ముగింపు స్థితి పెట్టి ఎలా గెలవాల్సిందో చూపించమని అడగండి. చూపిస్తాడు, పిల్లలకు అదంటే భలే సరదా.

మీ స్కోర్‌షీట్ జిరాక్స్ వెనక్కి పంపిస్తున్నాను. పద్నాలుగో ఎత్తు దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాను. ఈసారి రాసేటప్పుడు గెలిచిన ఆట ఒకటి పంపండి, టైములతో సహా.